ఇంజను చల్లగా, ఆయిలు వేడిగా

పూతలపట్టు నుంచి తిరుపతి దారి పట్టినా, పీలేరు వైపు పోయినా, చిత్తూరుకు దిగినా రోడ్డు పక్కన ఎక్కడో ఒకచోట అమ్మకానికి నిలబెట్టిన ట్రాక్టరు కనిపిస్తుంది. ముందర లోడరు బకెట్టు, వెనక బ్యాక్‌హో అనే తవ్వే చెయ్యి, ఒళ్లంతా కొత్త రంగు. ఆగి అడిగితే చెప్పే మాటలు కూడా దాదాపు ఒక్కటే: "సింగిల్ హ్యాండన్నా. ఇంజను ముట్టుకోనే లేదు. సొంత సేద్యానికి వాడిండే బండి."

ఈ మూడు మాటల్లో ముందు తేల్చుకోవాల్సింది మూడోది. సొంత సేద్యానికని లోడరూ బ్యాక్‌హో రెండూ బిగించుకునే రైతు మన వైపు అరుదు. బిగించినవాడు బాడుగకు తిప్పడానికే బిగిస్తాడు. బాడుగకు తిరగడం తప్పేమీ కాదు, మీరు కొనేదీ బహుశా అందుకే. కానీ ఆ బండి తిరిగింది మామిడి తోటల్లోనా, ఇటుక బట్టీలోనా, క్వారీ అంచునా, రోడ్డు కాంట్రాక్టులోనా అన్నది దాని మోడల్ సంవత్సరం కంటే ముఖ్యం. పలమనేరు, బంగారుపాళ్యం మీదుగా పోయే బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే లాంటి పనుల్లో రెండేళ్లు నలిగిన బండికీ, పదేళ్లుగా పేడదిబ్బలు ఎత్తుతున్న బండికీ పోలిక లేదు. నేనైతే రెండోదానికే మొగ్గుతాను.

కొనేది ఒక బండే అయినా అందులో మూడు యంత్రాలున్నాయి. ట్రాక్టరు ఒక కంపెనీది, లోడరూ బ్యాక్‌హో ఇంకొకరివి. కోయంబత్తూరులోని బుల్ మెషీన్స్ లాంటి కంపెనీలు చేసినవైతే వాటి మీద పేరు, మోడలు, సీరియల్ నంబరుతో ప్లేటు ఉంటుంది. ఊళ్లో వెల్డింగు షాపులో చేయించినవైతే ఏ ప్లేటూ ఉండదు. మూడూ ఒకే ఏడాదివి కాకపోవచ్చు. పాత బ్యాక్‌హోను కొత్త ట్రాక్టరుకు మార్చి ఉండవచ్చు, కొత్త బ్యాక్‌హోను పాత ట్రాక్టరుకు తగిలించి కూడా ఉండవచ్చు. అందుకే చూసేటప్పుడు మూడింటినీ విడివిడిగా చూడాలి. ఆ మూడూ కలిసే చోట ఇంకాస్త ఎక్కువసేపు చూడాలి.

అంతకంటే ముందు, అసలు మీకు ఈ బండి అవసరమా? ఆరెకరాల కొత్త మామిడి తోటకు గుంతలు, డ్రిప్పు పైపుకు కాలువ, పశువుల కొట్టం పునాది, ఇంతే పని అయితే కొనొద్దు. పది మీటర్ల ఎడంలో ఎకరాకు 40 చెట్లు, ఆరెకరాలకు 240 గుంతలు. జేసీబీని గంట లెక్కన పిలిపించుకుంటే కొద్ది రోజుల్లో తీసి పోతుంది. దాని డీజిలు, రిపేరు, డ్రైవరు మీకు పట్టవు.

బాడుగకు తిప్పాలనుకునేవాళ్లు కాగితం మీద లెక్క వేయాలి. ఇవి ఉదాహరణకు నేను పెట్టుకున్న అంకెలు, మీ ఊరి ధరలు వేసుకోండి. గంటకు బాడుగ 900. పని బరువును బట్టి గంటకు మూడు నుంచి ఐదు లీటర్ల డీజిలు కాలుతుంది, దానికి 400 తీసేయండి. డ్రైవరుకు 100. గ్రీజు, ఆయిలు, హోసులు, టైర్ల అరుగుదల కింద ఇంకో 100. మిగిలేది గంటకు 300. బండి అప్పుకు నెల కంతు 18,900 అయితే అది కట్టడానికే 63 గంటలు పని దొరకాలి. ఏడాదికి 756 గంటలు. అది కూడా కంతు కట్టడానికే, మీకు మిగిలేది ఆ తరవాతే. ఇక్కడ పని ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండదు. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, పైన ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది అని తేల్చాల్సి వచ్చిన సీజను చూశాం. అలాంటి ఏడాది రైతు కొత్త గుంతలు తీయించడు, పైపులైను వచ్చే ఏడాదికి నెడతాడు, గట్లు చదును చేయించే మాటే ఎత్తడు. మామిడి కాయ ధర మీ బకెట్టుకు నేరుగా తగులుతుంది. కాబట్టి మంచి ఏడాది చూసి లెక్క వేయకండి.

ఇక బండి సైజు. మామిడి చెట్ల కిందా, ఇరుకు సందుల్లోనూ తిరుగుతుందని మినీ ట్రాక్టరుకు బ్యాక్‌హో బిగించినది వెతికేవాళ్లున్నారు. అమెరికాలో కంపెనీయే లోడరు, బ్యాక్‌హోతో కలిపి డిజైన్ చేసి అమ్మే చిన్న బండ్లున్నాయి. మన దగ్గర 25, 28 హెచ్‌పీ మినీ ట్రాక్టర్లు చాలావరకు దుక్కికి, రోటవేటరుకు, మందు కొట్టడానికి తయారైనవి. బరువు టన్నుకు అటూ ఇటూ. అలాంటిదానికి ఎవరో తరవాత తగిలించిన తవ్వే చెయ్యి పూతలపట్టు గరుసు నేలలో పళ్లు దింపితే నేల లేవదు, బండే లేస్తుంది. మన నేలకు 45-50 హెచ్‌పీ, రెండు టన్నుల బరువు, పవర్ స్టీరింగు, ఆయిల్ బ్రేకులు ఉన్న ట్రాక్టరే కనీసం. మహీంద్రా 575, స్వరాజ్ 744, వీటి తరగతిలో ఏదైనా. స్పేరు పార్టు చిత్తూరులోనే దొరుకుతుంది, మెకానిక్కు ఊళ్లోనే ఉంటాడు. బండ రాయి తగిలే చోట ఇదీ చాలదు, అక్కడ ఏడెనిమిది టన్నుల జేసీబీ రావాల్సిందే. ఆ జేసీబీ వంశం మొదలైందీ ట్రాక్టరుతోనే. 1953లో ఇంగ్లండులో బామ్‌ఫోర్డ్ కంపెనీ ఫోర్డ్‌సన్ మేజర్ ట్రాక్టరుకు ముందు లోడరు, వెనక తవ్వే చెయ్యి బిగించి అమ్మింది. తరవాతి కాలంలో ఆ రెంటినీ మోయడానికే ప్రత్యేకంగా బండిని కట్టారు.

ఎందుకు ప్రత్యేకంగా కట్టాల్సి వచ్చిందో తెలిస్తే పాత బండిలో ఎక్కడ చూడాలో తెలుస్తుంది. లారీకి ఛాసిస్ ఉంటుంది. మామూలు ట్రాక్టరుకు ఉండదు. ఇంజను, దాని వెనక క్లచ్చు ఉండే బెల్ హౌసింగు, గేరుబాక్సు, వెనక యాక్సిలు, ఇవన్నీ బోల్టులతో ఒకదానికొకటి బిగించి ఉంటాయి, అవే ఒళ్లు, అవే వెన్నెముక. నాగలి లాగడానికి ఆ బలం చాలు. ముందర అరటన్ను ఎత్తి, వెనక నేలను పెకలిస్తే ఆ పోతఇనుప ముక్కలు కలిసే చోట వంపు బలం పడుతుంది. ఆ బలం ఇంజను మీద పడకుండా ముందు యాక్సిలు దగ్గర నుంచి వెనక యాక్సిలు దాకా రెండు వైపులా ఉక్కు ఫ్రేము ఒకటి వేస్తారు. లోడరు స్తంభాలు, బ్యాక్‌హో, రెండూ ఆ ఫ్రేముకే బిగియాలి. ఫ్రేము లేకుండా బ్యాక్‌హోను నాగలి తగిలించినట్టు వెనక మూడు లింకులకు తగిలించి ఉంటే ఆ బండి దగ్గర ఇంక టైము పెట్టకండి. టాప్ లింకు విరిగితే ఆ చెయ్యి సీటు మీది మనిషి వైపు మడుచుకునే ప్రమాదం కూడా ఉంది.

ఫ్రేము ఉన్నా ఊరుకోకూడదు. ఒక టార్చి, డీజిలులో తడిపిన గుడ్డ, పాత గోనెసంచి పట్టుకుపోండి. సంచి పరుచుకుని బండి కిందికి దూరండి. బెల్ హౌసింగు ఇంజనుకు కలిసే అంచును, అది గేరుబాక్సుకు కలిసే అంచును గుడ్డతో తుడవండి. జుట్టు వెంట్రుకంత నల్లగీత కనిపిస్తే, తుడిచిన కాసేపటికి దాని వెంట ఆయిలు చెమ్మ పడితే, అది పగులు. పోతఇనుముకు వెల్డింగు చేసిన గుర్తు ఉంటే అది పాత పగులు. బోల్టుల వైపు కూడా చూడండి. అన్నీ తుప్పు పట్టి ఒకటి రెండు మాత్రం మెరుస్తుంటే అక్కడ ఈ మధ్యే విప్పారు. ఎందుకని అడగండి. క్లచ్చు ప్లేట్లు మార్చామంటే నమ్మదగిన జవాబే, లోడరు పనిలో నిమిషానికోసారి ముందుకీ వెనక్కీ మార్చే గేర్లతో క్లచ్చు త్వరగా పోతుంది. బిల్లు చూపిస్తే ఇంకా మంచిది.

లోడరు స్తంభాలు ఫ్రేముకు కలిసే మూలల్లో, బకెట్టు చేతుల వంపులో, బ్యాక్‌హో పక్కలకు తిరిగే పెద్ద పిన్ను చుట్టూ వెల్డింగులు చూడండి. కంపెనీ వెల్డింగు ఒకే వెడల్పుతో వరుసగా ఉంటుంది. ఊళ్లో వేసింది ఉబ్బెత్తుగా, పక్కన పట్టీ ముక్క అతికించి ఉంటుంది. ఒకటి రెండు చోట్ల ఉంటే బేరానికి పనికొస్తాయి. అదే మూలలో వెల్డింగు మీద వెల్డింగు ఉంటే ఆ ఇనుము అలిసిపోయిందని అర్థం. కొత్త రంగు నన్ను భయపెట్టేది ఇందుకే. అమ్మే వారం రంగు వేసిన బండికి వేలి గోటితో ఆ మూలల్లో గీరి చూడండి, అమ్మేవాడు ఏమనుకున్నా సరే.

ముందు యాక్సిలు దగ్గర ఒక చిన్న లెక్క చెప్పాలి, ఎందుకంటే అరుగుదలా ప్రమాదమూ రెండూ అక్కడే పుడతాయి. బకెట్టులో తడిమట్టి 500 కిలోలు ఉందనుకోండి. అది ముందు చక్రాలకు మీటరున్నర ముందు వేలాడుతోంది. ముందు వెనక చక్రాల మధ్య దూరం ఈ ట్రాక్టర్లలో రెండు మీటర్లు. అప్పుడు వెనక చక్రాల మీది నుంచి 375 కిలోలు లేచిపోతాయి, ముందు యాక్సిలు మీద అదనంగా పడేది 500 కాదు, 875 కిలోలు. బకెట్టు, దాని చేతుల బరువు దీనికి అదనం. ఇంత బరువు రోజూ మోస్తే సెంటరు పిన్ను, కింగ్ పిన్ను బుష్షులు, ముందు చక్రాల బేరింగులు అరుగుతాయి. ముందు భాగాన్ని జాకీ మీద ఎత్తించి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే ఎంత ఆడుతుందో చేతికే తెలుస్తుంది. వీటిని మార్చుకోవచ్చు, ఖర్చు లెక్క వేసుకుంటే చాలు. యాక్సిలు దూలమే వంగి, చక్రాలు రెండూ పైన లోపలికి వాలి ఉంటే అది వేరే కథ.

ఆ లెక్కలో ఇంకోటుంది. టూ వీల్ డ్రైవు ట్రాక్టరుకు బ్రేకులు వెనక చక్రాలకే. బకెట్టు నింపి చెరువు కట్ట దిగేటప్పుడు వెనక బరువు తేలిపోయి బ్రేకు పట్టదు. వెనక బ్యాక్‌హో ఉన్న బండికి ఆ బరువే కాపు. బ్యాక్‌హో విప్పేసి ఒట్టి లోడరుతో నడిపే రోజు వెనక చక్రాలకు ఇనుప బరువులో, టైర్లలో నీళ్లో తప్పనిసరి. ఆ బరువులు బండితో పాటు ఇస్తారో లేదో బేరంలోనే అడగండి, తరవాత అవి కనిపించవు.

ఇప్పుడు నడిపి చూడటం. ఇక్కడే చాలామంది తలకిందులుగా చేస్తారు. మధ్యాహ్నం పోతారు, అప్పటికే ఇంజను వేడి చేసి పెట్టి ఉంటారు. బకెట్టును రెండుసార్లు పైకీ కిందికీ ఆడించి చూపిస్తారు, అది చకచకా ఆడుతుంది, మీరు సరేనంటారు. ఇంజనును చల్లగా ఉన్నప్పుడు చూడాలి, హైడ్రాలిక్‌ను వేడెక్కాక చూడాలి. పొద్దున్నే, ముందుగా చెప్పకుండా పోవడం మేలు. చెప్పక తప్పకపోతే, పోగానే ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లటి ఇంజను ఒకటి రెండు తిప్పులకు అందుకోవాలి. మొదట కాస్త పొగ మామూలే. అది ఆగకుండా నీలంగా వస్తుంటే ఇంజను ఆయిలు కాలుతోంది. పని పడినప్పుడు నల్లగా వచ్చి బండి గుక్క పడుతుంటే ముందు ఎయిర్ ఫిల్టరు, నాజిళ్లు, పంపు చూపించాలి. నడుస్తుండగా ఆయిలు పోసే మూత విప్పినప్పుడు పొగ బుసబుసా తన్నుకొస్తుంటే దాన్ని మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారు, రింగులూ లైనర్లూ అరిగాయి. ఇది ఇంజను పని, డబ్బుతో తీరుతుంది, ధరలో తగ్గించుకోవచ్చు. రేడియేటరులో ఆయిలు తేలినా, ఆయిలు పాలలా తెల్లబడినా మాత్రం మెకానిక్కును పిలవకుండా బేరం ముందుకు పోనివ్వకండి.

హైడ్రాలిక్ సంగతికి ఎక్కువ సేపు పడుతుంది, పట్టాలి కూడా. అరిగిన పంపు చల్లటి చిక్కటి ఆయిలుతో బాగానే తోస్తుంది. గంట పని చేసి ఆయిలు వేడెక్కి పలచబడితే లోపల సందుల్లోంచి వెనక్కి జారిపోతుంది, చెయ్యి నీరసపడుతుంది. కాబట్టి గంట పని చేయించి చూడాల్సిందే. డీజిలు డబ్బు మీరే ఇవ్వండి. ఇసుకలోనో, నిన్న తవ్విన మెత్తటి మట్టిలోనో వద్దు. గరుసు నేలలో మూడడుగుల గుంతలు నాలుగైదు తీయమనండి. మొదటి గుంతకు ఎంత సేపు పట్టిందో, చివరి గుంతకు ఎంత పట్టిందో ఫోనులో చూసుకోండి. రెండింటికీ తేడా బాగా ఉంటే పంపో వాల్వో అరిగింది. రెండు పనులు ఒకేసారి, చెయ్యి ఎత్తుతూ పక్కకు తిప్పమంటే ఇంజను మూలుగుతుందా, చెయ్యి ఆగిపోతుందా అన్నదీ అప్పుడే గమనించండి.

పని అయ్యాక బకెట్టు నిండా మట్టితో ఛాతీ ఎత్తున ఆపి, ఇంజను ఆఫ్ చేయించండి. బకెట్టు అంచు దగ్గర ఒక కర్ర పాతి గుర్తు పెట్టండి. పది నిమిషాలు టీ తాగి రండి. ఒకటి రెండు వేళ్లు దిగితే పాత బండికి పరవాలేదు. జానెడు దిగితే సిలిండరు సీలో, కంట్రోల్ వాల్వో పోయింది. సీలు కిట్టు చిన్న ఖర్చు, వాల్వు పెద్ద ఖర్చు, రెంటిలో ఏదన్నది మెకానిక్కు సిలిండరు పైపు విప్పి చూస్తేనే తెలుస్తుంది. వెనక రెండు కాళ్లనూ నేలకు దించి బండి వెనక భాగం ఎత్తించి ఇదే పరీక్ష చేయండి. ఒక కాలు మాత్రం కుంగితే, గట్టు మీద పని చేసే రోజు బండి ఆ వైపే ఒరుగుతుంది. సిలిండరు రాడ్ల మీద వేలు పెట్టి రాయండి. అద్దంలా జారాలి. గరుకుగా, పొక్కులు పొక్కులుగా తగిలితే కొత్త సీలు వేసినా ఆ పొక్కులు దాన్ని కోసేస్తాయి.

ఒక జాగ్రత్త. వేలు పెట్టి చూడటం ఇంజను ఆపి, బకెట్టు నేలకు దించి, లివర్లు అటూ ఇటూ ఆడించి ఒత్తిడి పోయాకే. నడుస్తున్న బండిలో హోసు ఎక్కడ చిమ్ముతోందో చేత్తో తడిమి చూడకండి. సూదిబెజ్జం లోంచి వచ్చే ఆయిలు చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా గంటల్లో ఆపరేషను దాకా పోయే గాయం అది. అట్ట ముక్క అడ్డం పెట్టి చూడండి. ఎత్తిన బకెట్టు కింద ఆసరా లేకుండా తల పెట్టకండి, అమ్మేవాడు పెట్టినా సరే.

గంటల మీటరు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పాత ట్రాక్టర్లలో ఆ మీటరు ఇంజను తిరుగుడును బట్టి నడుస్తుంది, నెమ్మదిగా తిరిగిన గంటను గంట కంటే తక్కువగానే చూపిస్తుంది. చాలా బండ్లలో అది ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. బ్రేకు పెడలు రబ్బరు, లివర్ల గుండ్లు, బకెట్టు పిన్నుల కన్నాలు అబద్ధం చెప్పవు. గుండ్రంగా ఉండాల్సిన కన్నం గుడ్డులా సాగి ఉంటే, పైన మీటరు 1,800 అన్నా 2,000 అన్నా పట్టించుకోవాల్సిన పని లేదు.

కాగితాల దగ్గర మనవాళ్లు మెత్తబడతారు. "మనోడే కదన్నా, ఆర్‌సీ నిదానంగా మార్చుకుందువులే" అంటారు. మార్చకుండా నాలుగు చేతులు మారిన బండ్లు మన మండలాల్లో కొల్లలు. ఆ బండి కింద ఎవరైనా పడితే నష్టపరిహారం కేసు ఆర్‌సీలో పేరున్నవాడి మీదికే వస్తుంది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, బండి ఎన్ని చేతులు మారినా రిజిస్టరులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అని. ఇది అమ్మేవాడికి చెప్పండి. పేరు మార్పు మీ అవసరం మాత్రమే కాదని తెలిస్తే ఆయనే తొందరపడతాడు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు డబ్బు లెక్కపెట్టే పూటే జరగాలి. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఇన్సూరెన్సు మీ పేరుకు మార్చమని కంపెనీకి రాయడానికీ 14 రోజులే గడువు.

నంబరు ప్లేటే కొంత చెబుతుంది. ఏపీ 03 అంటే చిత్తూరు జిల్లా పాత సిరీసు, 2019 మొదట్లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. కాబట్టి ఏపీ 03 బండిని "ఐదేళ్ల బండి" అని ఎవరన్నా నమ్మకండి. పదిహేనేళ్లు దాటిన రిజిస్ట్రేషనయితే తనిఖీ చేయించి ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి, ఆ పని అయిందో లేదో చూడండి. టీఎన్ 23 అంటే వేలూరు, కేఏ 07 అంటే కోలారు. కాట్పాడి నుంచి వచ్చే బండి ధర తక్కువ అనిపిస్తుంది. ఫారం 28 మీద అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ, ఇక్కడి పన్ను, కొత్త నంబరు ఖర్చు కలిపితే ఆ తగ్గింపు ఎంత మిగులుతుందో చిత్తూరు ఆఫీసులో ముందే అడిగి తెలుసుకోండి. ఎన్‌ఓసీ లేకుండా బండి తెచ్చుకుంటే అది మీ ఇంటి ముందు నిలబడి ఉంటుంది, మీది మాత్రం కాదు.

ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి, ఫైనాన్సు ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే అప్పు తీరినట్టు ఆ కంపెనీ ఎన్‌ఓసీ, ఫారం 35, రెండూ కావాలి. "కట్టేశానన్నా" అనే మాట చాలదు. బండి తరగతి వ్యవసాయ ట్రాక్టరా, కమర్షియలా అన్నదీ అక్కడే ఉంటుంది. వ్యవసాయం కింద రిజిస్టరైన బండితో పునాదులు తవ్వే బాడుగ చేస్తే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు కంపెనీ మొదట పట్టుకునేది దాన్నే. లోడరు, బ్యాక్‌హో బిగించిన సంగతీ, బాడుగ పని సంగతీ ఆర్టీవో దగ్గరా ఇన్సూరెన్సు దగ్గరా దాచకండి, పాలసీలో రాయించుకోండి. ప్రీమియం పెరిగితే పెరుగుతుంది. తొట్టి కూడా కలిపి కొంటుంటే దానికి వేరే ఆర్‌సీ ఉంటుందని మరిచిపోకండి. ఇసుక, మట్టి, గ్రావెల్ కేసుల్లో పట్టుబడి స్టేషనులో నిలబడ్డ బండ్లు కూడా మార్కెట్లోకి వస్తాయి. ఆ ఊరి పోలీసు స్టేషనులో, తహసీల్దారు ఆఫీసులో ఒక మాట అడిగితే పోయేదేమీ లేదు.

ఛాసిస్ నంబరును కంటితో చదివి సరిపెట్టుకోకండి. పల్చటి కాగితం దాని మీద పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు పడుతుంది. ఆర్టీవో ఆఫీసులోనూ అదే అడుగుతారు. ఆ అచ్చులో ఒక అంకె మిగతావాటి కంటే లోతుగానో, వంకరగానో పడితే ఆ బండిని వదిలేయడమే మేలు.

ధర విషయానికొస్తే, అమ్మేవాడు తాను ఎంతకు కొన్నాడో చెబుతాడు. అది ఆయన బాధ. మీ కొలమానం ఇవాళ కొత్తది ఎంత అన్నది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది, ట్రాక్టరు టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కు. పన్ను కాక ఎనిమిది లక్షల బండికి 56,000 తేడా. కొత్తది అంత దిగినప్పుడు పాతది అదే ధరలో ఎందుకుండాలి? పాత ట్రాక్టరు ధర, లోడరు ధర, బ్యాక్‌హో ధర మూడూ విడివిడిగా రాసి, మీరు చూసిన లోపాలకు మెకానిక్కు చెప్పిన ఖర్చు తీసేసి, అప్పుడు ఒక అంకె చెప్పండి. మెకానిక్కును కూడా మీరే తీసుకుపోండి, అమ్మేవాడు చూపించిన మనిషి వద్దు. ఆయన కూలీ మీ చేత్తో ఇవ్వండి. బేరం కుదిరితే కమిషను వచ్చే మనిషి పగులు చూసినా చెప్పడు.

అప్పు తీసుకుంటే "ఫ్లాటా, రెడ్యూసింగా" అన్న ఒక్క ప్రశ్న అడగండి. ఐదు లక్షలు, మూడేళ్లు, 12 శాతం ఫ్లాటు అంటే వడ్డీ 1,80,000, నెలకు 18,900 దగ్గర. అదే 12 శాతం తగ్గే అసలు మీద వేస్తే నెలకు 16,600, మొత్తం వడ్డీ 98,000 లోపు. అంకె ఒకటే, తేడా 82,000. ఫ్లాటు 12 అంటే నిజానికి 21 శాతం వడ్డీ కడుతున్నట్టు. కంతులు నెలనెలా కాకుండా మామిడి, చెరకు డబ్బు చేతికొచ్చే నెలలకు ఆరు నెలలకోసారి పెట్టించుకోవడానికి వీలుందేమో కూడా అడగండి.

డబ్బంతా ఒకేసారి ఇవ్వకండి. బయానా కాగితంలో బండి నంబరు, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, లోడరు బ్యాక్‌హోల సీరియల్ నంబర్లు, బండితో ఇచ్చే బకెట్లు ఎన్ని, బరువులు ఎన్ని, అన్నీ రాయించండి. ఆర్‌సీలో మీ పేరు పడేదాకా ఇరవై ముప్పై వేలు మీ దగ్గరే ఉంచుకుంటామని మొదటి రోజే చెప్పండి. దానికి ఒప్పుకోని మనిషి కారణం ఏం చెబుతాడో ఓపిగ్గా వినండి. బండి ఇంటికొచ్చిన రోజే ఇంజను ఆయిలు, హైడ్రాలిక్ ఆయిలు, ఫిల్టర్లు మార్పించండి. విప్పిన హైడ్రాలిక్ ఫిల్టరును కోయించి, మడతల్లో ఇనుప రజను ఎంత ఉందో చూడండి. పంపు ఇంకెన్నాళ్లు నడుస్తుందో దాన్ని బట్టి ఒక అంచనా వస్తుంది. ఆ ముప్పై వేల దగ్గర మాట్లాడటానికి అప్పటికి ఇంకా టైముంటుంది.